బలహీనపడిన కెనడా డాలరు, బరువెక్కిన క్రూయిజ్ బిల్లు: సమస్యలు - పరిష్కారాలు

టొరంటో చలి నుంచి పారిపోడానికి కరీబియన్ క్రూయిజ్ బుక్ చేసినవాళ్లూ, వేసవిలో అలాస్కా వెళ్దామనుకునేవాళ్లూ చెప్పే ఫిర్యాదులు ఇంచుమించు ఒకటే. వెబ్‌సైట్లో చూసిన ధర ఒకటి, కార్డు స్టేట్‌మెంట్లో తేలింది ఇంకొకటి. డాలరు పడిపోయింది, ఏం చేస్తాం అని సరిపెట్టుకుంటారు. కానీ ఆ తేడా అంతా మారకం రేటుదే కాదు. రేటు మన చేతుల్లో లేదు సరే, ఫీజులూ, డబ్బు మార్చే తీరూ, ఏ కరెన్సీలో బుక్ చేయాలన్నదీ మన చేతుల్లోనే ఉన్నాయి.

కింది లెక్కలన్నిటికీ ఒక కెనడా డాలరుకి 72 అమెరికా సెంట్లు అనుకుందాం. అంటే ఒక అమెరికా డాలరు కొనాలంటే 1.39 కెనడా డాలర్లు కావాలి. మీరు చదివే రోజు రేటు వేసి చూసుకోండి.

సమస్య: "ఇండియాకి పంపితే రూపాయలు బాగానే వస్తున్నాయి, మరి క్రూయిజ్‌కి ఎందుకింత?"

కారణం: మనలో చాలామందికి డాలరు విలువంటే రూపాయి రేటే. పొద్దున లేవగానే డబ్బు పంపే యాప్‌లో చూసేది అదే కదా. ఆ రేటు క్రూయిజ్ గురించి ఏమీ చెప్పదు. 2011 మధ్యలో అమెరికా డాలరు, కెనడా డాలరు రెండూ 45 రూపాయలకి అటూ ఇటూగా ఉండేవి. అసలు అప్పుడు కెనడా డాలరే కాస్త పైన. 2025కి వచ్చేసరికి కెనడా డాలరు 60ల్లోనే ఉండిపోతే, అమెరికా డాలరు 90 దాకా వెళ్లింది. అమెరికా డాలరు ముందు రూపాయీ తగ్గింది, కెనడా డాలరూ తగ్గింది. తగ్గిన రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మన డాలరు నిలకడగా ఉన్నట్టే అనిపిస్తుంది.

పరిష్కారం: ట్రిప్పులో ఏ బిల్లు ఏ కరెన్సీలో వస్తుందో ముందు ఒక కాగితం మీద రాయండి. క్రూయిజ్ టికెట్, విమానం, ఓడ ఎక్కే ముందు రోజు హోటల్, టిప్పులు, ఎక్స్‌కర్షన్లు (రేవుల్లో దిగి చూసొచ్చే టూర్లు), పార్కింగ్: అన్నీ విడివిడిగా. అమెరికా డాలర్లలో ఉన్నవి మాత్రమే ఒకచోట కూడండి. డాలరు పతనం మీకు తగిలేది ఆ మొత్తం మీదే. ఈ పని చేసిన చాలామందికి, తాము అనుకున్నదాని కంటే ఆ మొత్తం పెద్దదని అప్పుడే తెలుస్తుంది.

సమస్య: "28 సెంట్లు తక్కువంటే 28 శాతమే కదా పెరగాలి?"

ఇది లెక్కలో జారే తప్పు. అమెరికా డాలరుతో సమానంగా ఉన్న మన డాలరు 72 సెంట్లకి దిగితే ఖర్చు 28 శాతం పెరగదు, 39 శాతం పెరుగుతుంది. ఒకటిని 0.72తో భాగించి చూడండి. 3,000 అమెరికా డాలర్ల క్రూయిజ్‌కి 3,840 పక్కన పెట్టుకుంటారు, తీరా అయ్యేది 4,167. ఇంకా కార్డు ఫీజు కలవకుండానే 327 డాలర్ల బొక్క. ఎప్పుడూ అమెరికా ధరని 1.39తో గుణించండి. సెంట్ల లెక్కలోకి వెళ్లొద్దు.

సమస్య: "గూగుల్లో చూసిన రేటుకీ, కార్డులో పడినదానికీ పొంతనే లేదు"

కారణం: గూగుల్ చూపేది బ్యాంకులు తమలో తాము వాడుకునే మధ్య రేటు. మనలాంటివాళ్లకి అది దొరకదు. కెనడాలో ఎక్కువ క్రెడిట్ కార్డులు విదేశీ కరెన్సీ లావాదేవీ మీద 2.5 శాతం ఫీజు వేస్తాయి. స్టేట్‌మెంట్లో అది విడిగా కనబడదు, రేటులోనే కలిపేస్తారు. అందుకే అది ఫీజు అని కూడా అనిపించదు. బ్యాంకు కౌంటర్లోనో యాప్‌లోనో డాలర్లు కొన్నా అంతే, రేటులోనే రెండు మూడు శాతం వాళ్ల లాభం దాగి ఉంటుంది.

పరిష్కారం మూడు రకాలు. ఖర్చు ఎంతన్నదాన్ని బట్టి ఎంచుకోండి.

చిన్న ఖర్చయితే విదేశీ ఫీజు లేని కార్డు ఒకటి తీసుకుంటే చాలు. స్కోషియాబ్యాంక్ పాస్‌పోర్ట్ వీసా ఇన్ఫినిట్ లాంటివి ఉన్నాయి. దానికి వార్షిక ఫీజు ఉంటుంది కాబట్టి, ఏడాదిలో మీ విదేశీ ఖర్చు మీద 2.5 శాతం ఎంతవుతుందో చూసి ఆ ఫీజుతో పోల్చుకోండి. వార్షిక ఫీజు లేని కార్డులూ దొరుకుతాయి.

తరచూ అమెరికా వెళ్లేవాళ్లకి, అక్కడ అద్దె రూపంలోనో జీతం రూపంలోనో అమెరికా డాలర్లు వచ్చేవాళ్లకి కెనడా బ్యాంకులిచ్చే అమెరికా డాలర్ ఖాతా, దానికి జోడీగా అమెరికా డాలర్ క్రెడిట్ కార్డు మేలు. బిల్లు ఆ డాలర్లలోనే వస్తుంది, ఆ డాలర్లతోనే కడతారు. మధ్యలో మార్పిడే లేదు. సీడీఐసీ (కెనడా డిపాజిట్ బీమా సంస్థ) సభ్య బ్యాంకుల్లో విదేశీ కరెన్సీ డిపాజిట్లకి కూడా 2020 నుంచి బీమా ఉంది. అయితే ఖాతాలో వేయడానికి కెనడా డాలర్లే మార్చుకోవాల్సి వస్తే, మార్చే చోట బ్యాంకు తన వాటా తీసుకుంటుందని మర్చిపోకండి. ఆ కార్డు తీసుకుని ఫీజు తప్పించుకున్నామని మురిసిపోయేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

ఇంటిల్లిపాదీ కలిసి వెళ్తే ఖర్చు పది వేలు దాటడం ఎంతసేపు. అలాంటప్పుడు నార్బర్ట్స్ గాంబిట్ అనే పద్ధతి పనికొస్తుంది. మీ బ్రోకరేజ్ ఖాతాలో టొరంటో ఎక్స్ఛేంజ్‌లో డీఎల్ఆర్ అనే ఫండ్ యూనిట్లు కెనడా డాలర్లతో కొంటారు. ఆ ఫండ్ దగ్గర ఉండేది అమెరికా డాలర్లే. తర్వాత ఆ యూనిట్లని, అదే ఫండ్ అమెరికా డాలర్లలో చేతులు మారే డీఎల్ఆర్.యూ వైపుకి మార్చమని బ్రోకర్‌కి చెప్పి, అక్కడ అమెరికా డాలర్లకి అమ్మేస్తారు. అయ్యే ఖర్చు కమిషను, కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య ఉండే కొద్దిపాటి తేడా. కొన్ని రోజులు పడుతుంది కాబట్టి ఫైనల్ పేమెంట్ గడువు రేపనగా మొదలుపెట్టొద్దు. వెయ్యి డాలర్లకి ఇంత హడావిడి అనవసరమని నా అభిప్రాయం.

ఇంకో చిన్న ఉచ్చు. కార్డు మెషీన్ మీద "కెనడా డాలర్లలో కడతారా?" అని వస్తుంది. మన కరెన్సీ కనబడగానే ప్రాణం లేచొచ్చి అవునని నొక్కేస్తాం. ఆ మార్పిడి రేటు వ్యాపారి తరఫు కంపెనీది, అది సాధారణంగా మీ కార్డు రేటు కంటే అన్యాయంగా ఉంటుంది. ఎప్పుడూ స్థానిక కరెన్సీనే నొక్కండి. కొన్ని ఓడల్లో అయితే మిమ్మల్ని అడగకుండానే ఆన్‌బోర్డ్ ఖాతాని కార్డు దేశపు కరెన్సీలోకి మార్చేస్తారు, షరతుల్లో ఎక్కడో సన్నటి అక్షరాల్లో ఉంటుంది. ఎక్కిన మొదటి రోజే గెస్ట్ సర్వీసెస్‌కి వెళ్లి, నా బిల్లు అమెరికా డాలర్లలోనే వేయండి అని చెప్పేయండి. చివరి రోజు ఆ క్యూలో నిలబడటం కంటే మొదటి రోజు నయం.

సమస్య: "టికెట్ కెనడా డాలర్లలోనే కట్టాం, అయినా దిగేటప్పుడు గుండె గుభేలుమంది"

కారణం: టికెట్ ఏ కరెన్సీలో కొన్నా, ఉత్తర అమెరికాలో తిరిగే పెద్ద ఓడల్లో లోపలి ఖర్చు దాదాపు అంతా అమెరికా డాలర్లలోనే. టిప్పులే చూడండి. మనిషికి రాత్రికి 17 అమెరికా డాలర్లు అనుకుంటే, నలుగురున్న కుటుంబానికి ఏడు రాత్రులకి 476. కెనడా లెక్కలో 662. ఫీజున్న కార్డయితే 678. పిల్లలకీ పడుతుంది, చాలా కంపెనీల్లో సగం ధరలేమీ ఉండవు. దీని మీద వైఫై, ఎక్స్‌కర్షన్లు, ఫొటోలు.

పరిష్కారం: టిప్పులు, వైఫై, డ్రింక్ ప్యాకేజీ ముందే కొనే వీలుంటే కొనండి. ముఖ్యంగా బుకింగ్ కెనడా డాలర్లలో ఉంటే, ఇవి కూడా ఆ కరెన్సీలోనే ముందుగా కట్టించుకుంటారేమో అడగండి. వైఫై, డ్రింకుల లాంటివి ఓడలో కొంటే ధర ఎక్కువే ఉంటుంది కూడా. డ్రింక్ ప్యాకేజీ విషయంలో మన ఇళ్లకి ఒక ప్రత్యేకమైన చిక్కుంది: కొన్ని కంపెనీల్లో ఒక గదిలో ఒకరు మందు ప్యాకేజీ తీసుకుంటే అదే గదిలోని మిగతా పెద్దవాళ్లూ తీసుకోవాలి. బావగారి రెండు బీర్ల కోసం మజ్జిగ తప్ప ముట్టని అక్క పేరు మీద కూడా వారం ప్యాకేజీ కట్టడం ఏ రేటులోనైనా దండగే. విడిగా గ్లాసుల లెక్కన కొనుక్కోమనండి.

ఎక్స్‌కర్షన్లలోనే ఎక్కువ మిగుల్చుకోవచ్చు. అలాస్కాలోని జూనోలోనో మెక్సికోలోని కోజుమెల్‌లోనో రేవు నుంచి నడిచి వెళ్లగలిగినవి ఓడ ద్వారా కొనక్కర్లేదు. దూరం వెళ్లేవి, తిరిగొచ్చేది ఓడ బయల్దేరే సమయానికి దగ్గరపడేవి మాత్రం ఓడ వాళ్ల దగ్గరే తీసుకోండి. ఆలస్యమైతే ఓడ ఆగుతుందా అన్న టెన్షన్ ఉండదు.

సమస్య: "క్యాన్సిల్ చేస్తే మొత్తం వెనక్కిచ్చామన్నారు, కానీ తక్కువొచ్చింది"

కారణం: కంపెనీ నిజంగానే మొత్తం ఇచ్చింది, అమెరికా డాలర్లలో. కట్టినప్పుడు కార్డు 2.5 శాతం కలుపుకుంది. వెనక్కొచ్చేటప్పుడు చాలా కార్డులు మళ్లీ అంతే కోసుకుంటాయి. రేటు ఏమీ మారలేదనుకున్నా, 2,000 అమెరికా డాలర్లు కట్టినప్పుడు మీకు పడింది 2,849.50. తిరిగొచ్చింది 2,710.50. అంటే 139 డాలర్లు గాలికి. ఈలోగా కెనడా డాలరు బలపడి ఉంటే నష్టం ఇంకా పెరుగుతుంది.

పరిష్కారం: ప్రయాణం ఖాయమో కాదో తెలియనప్పుడు, అంటే సెలవు మంజూరు కానప్పుడు, వీసా చేతికి రానప్పుడు, కెనడా డాలర్లలో ధర చెప్పే బుకింగే మంచిది. అమెరికా డాలర్లలో కట్టక తప్పకపోతే ఫీజు లేని కార్డు వాడి, డిపాజిట్ వరకే కట్టి ఆగండి. ఫైనల్ పేమెంట్ సాధారణంగా బయల్దేరడానికి 90 రోజుల అటూ ఇటూగా ఉంటుంది, అప్పటిదాకా మొత్తం కట్టేయాల్సిన పనేం లేదు.

అమెరికా సైట్లో చౌకగా ఉందని అక్కడ బుక్ చేసేముందు రెండు సంగతులు చూడండి. ఒకటి, కెనడా నివాసులకి కంపెనీలు అప్పుడప్పుడు ప్రత్యేక తగ్గింపు ఇస్తాయి, మన డాలరు బాగా పడినప్పుడు మరీనూ. అమెరికా ధరని గుణించి, కార్డు ఫీజు కలిపి, అప్పుడు ఈ ధరతో పోల్చండి. రెండు, ఒంటారియోలో ట్రావెల్ ఏజెంట్లని నియంత్రించే టికో అనే సంస్థ రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంట్ దగ్గర కొంటే ఏజెంటు దివాలా తీసినా పరిహార నిధి ఉంటుంది. సరిహద్దు అవతలి ఏజెంటుకి అది వర్తించదు.

సమస్య: "ఇప్పుడే డాలర్లు కొనాలా, ఇంకా ఆగాలా?"

2002 జనవరిలో కెనడా డాలరు 62 సెంట్ల కిందికి పోయింది. 2007 నవంబరులో 1.10 అమెరికా డాలర్లకి ఎగిసింది. 2016 జనవరిలో మళ్లీ 69 సెంట్ల కింద. 2025 ఫిబ్రవరి మొదట్లో అమెరికా సుంకాల బెదిరింపు వచ్చినప్పుడు 68 కూడా నిలవలేదు. చమురు ధర, బ్యాంక్ ఆఫ్ కెనడాకీ అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్‌కీ మధ్య వడ్డీ తేడా, వాణిజ్య గొడవలు: ఇన్ని కలిసి నడిపే రేటుని మన క్రూయిజ్ తేదీకి సరిపోయేలా ఊహించడం ఎవరి వల్లా కాదు. బ్యాంక్ ఆఫ్ కెనడా 2024 జూన్‌లో 5 శాతం నుంచి వడ్డీ తగ్గించడం మొదలుపెడితే, ఫెడ్ మొదలుపెట్టింది సెప్టెంబరులో. ఎక్కువ వడ్డీ ఇచ్చే చోటికి డబ్బు వెళ్తుంది, మన డాలరు మెత్తబడుతుంది. జరిగాక వివరించడం తేలికే.

కాబట్టి జోస్యాలు వదిలేసి, కావాల్సిన అమెరికా డాలర్లని మూడు భాగాలు చేయండి. బుక్ చేసినప్పుడు ఒకటి, ఫైనల్ పేమెంట్‌కి ఒకటి, బయల్దేరే నెలలో ఓడ ఖర్చులకి ఒకటి. అన్నిటికంటే మంచి రేటు దొరకదు, అన్నిటికంటే చెడ్డ రేటుకీ మొత్తం బలికాదు.

సమస్య: "అమెరికా మానేసి కరీబియన్ దీవికో దుబాయ్‌కో వెళ్తే?"

పేరు మారుతుంది, డాలరు మారదు. బహామాస్ డాలరు అమెరికా డాలరుతో సమానంగా కట్టేసి ఉంది. బార్బడోస్ డాలర్లు రెండుకి ఒక అమెరికా డాలరు, తూర్పు కరీబియన్ డాలర్లు 2.70కి ఒకటి. దుబాయ్ దిర్హామ్ కూడా అమెరికా డాలరుకి 3.6725 దగ్గర స్థిరం. హైదరాబాద్ వెళ్తూ దారిలో దుబాయ్‌లో రెండు రోజులు ఆగుదామనుకునేవాళ్లు అమెరికా డాలర్లు ఖర్చు పెడుతున్నట్టే లెక్కేసుకోండి. మెక్సికో పెసో, జపాన్ యెన్ అలా కట్టేసినవి కావు, వాటి రేటు విడిగా చూడాలి.

అలాస్కాకైతే సియాటిల్ బదులు వాంకూవర్ నుంచి ఎక్కండి. విమానం, ముందురోజు హోటల్, టాక్సీ అన్నీ కెనడా డాలర్లలో తేలిపోతాయి, ఓడ ఊళ్లోని కెనడా ప్లేస్ టెర్మినల్ దగ్గరే ఉంటుంది. సియాటిల్ నుంచి వెళ్లే ఓడలు దారిలో కెనడాలోని విక్టోరియాలో ఆగడం కూడా మన కోసం కాదు. విదేశీ జెండా ఓడ అమెరికా రేవులో ఎక్కించినవాళ్లని అక్కడే దింపాలంటే మధ్యలో వేరే దేశపు రేవు తాకాలని 1886 నాటి చట్టం.

వాంకూవర్‌లో ఎక్కినా దారిలో దిగేది అమెరికా నేల మీదే. ఇండియా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి, కెనడా పీఆర్ ఉన్నా సరే, అమెరికా వీసా ఉండాలి. సూపర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకీ అంతే. వాళ్ల వీసా స్టాంపు పడేవరకు వెనక్కిరాని డిపాజిట్ ఏదీ కట్టొద్దు.

చిన్నవే గానీ తగిలేవి

48 గంటలు దాటి బయటున్నవాళ్లు సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది మనిషికి 800 డాలర్ల సరుకు. అవి కెనడా డాలర్లు. అంటే అమెరికా ధరల్లో 575 దాటితే పరిమితి దాటినట్టే. అవుట్‌లెట్ మాల్ బిల్లుల్ని దిగేముందు గుణించి చూసుకోండి.

ఓడలో డాక్టరు ఫీజు అమెరికా డాలర్లలో ఉంటుంది, మన ప్రావిన్స్ హెల్త్ కార్డు అక్కడ దాదాపు పనికిరాదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ట్రిప్ విలువ కెనడా డాలర్లలో రాయమంటారు. అమెరికా అంకెనే అలాగే రాసేస్తే, ట్రిప్పు రద్దయినప్పుడు చేతికొచ్చేది పెట్టినదాంట్లో 72 శాతమే.