మందారం కొమ్మ నుంచి గునుగు గింజ దాకా: తోటి పెంపకందార్లతో మొక్కలు ఇచ్చిపుచ్చుకోవడం ఎలా?

మనీప్లాంట్ దొంగిలించి తెస్తేనే బాగా పెరుగుతుందని మన ఇళ్లలో ఒక నమ్మకం. పక్కింటి గోడ మీద నుంచి ఓ తీగ తుంచుకొచ్చి, అడిగితే నవ్వేసేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ మిద్దెతోట మొదలుపెట్టాక దొంగతనంతో పని జరగదు. మీకు కావాల్సిన ముద్ద శంఖుపుష్పం ఊరవతల ఎవరి దగ్గరో ఉంటుంది, వాళ్లు వెతుకుతున్న కనకాంబరం మీ కుండీలో ఉంటుంది. అడగాలి, ఇవ్వాలి. చిక్కేమిటంటే, మొక్కతో పాటు ఆ ఇంటి మట్టి, పురుగు, కలుపు కూడా మనింటికొచ్చేస్తాయి. నా లెక్కలో ఈ పనిలో సగం మర్యాద, సగం శుభ్రత.

ముందు మీ దగ్గరేముందో చూసుకోండి

అడగడానికి ముందు ఇవ్వడానికి ఏముందో రాసుకోండి. మొక్కను కుండీతో సహా ఇవ్వక్కర్లేదు. బంతి, శంఖుపుష్పం, చంద్రకాంత అయితే గింజలు చాలు. మందారం, నందివర్ధనం కొమ్మ నుంచి వస్తాయి. చామంతికి పూలయిపోయాక మొదట్లో పిలకలు లేస్తాయి, వాటిని వేళ్లతో విడదీసి ఇవ్వొచ్చు. నేల సంపంగికి దుంపలు. మల్లెకు నేల అంటు తేలిక: కింది కొమ్మను వంచి, ఒక కణుపు మట్టిలోకి పోయేలా తొక్కి, మీద రాయి పెడితే వేళ్లు పడతాయి. తర్వాత కోసి ఇవ్వడమే.

కనకాంబరం దగ్గర ఒక మెలిక ఉంది. నాటు రకం గింజ కడుతుంది, కాయ తడిస్తే చిట్లి గింజలు ఎగిరిపడతాయి కూడా. ఢిల్లీ కనకాంబరం మాత్రం గింజ కట్టదు, కొమ్మే ఇవ్వాలి. హైబ్రిడ్ బంతి గింజ మొలుస్తుంది గానీ పువ్వు తల్లిలా వస్తుందన్న నమ్మకం లేదు. ఆ మాట ఇచ్చేటప్పుడే చెప్పేయండి, తర్వాత మాట పడక్కర్లేదు.

పేర్ల దగ్గర కూడా జాగ్రత్త. గన్నేరు అడిగితే బిళ్లగన్నేరు వస్తుంది. లిల్లీ అంటే పూలకొట్టు వాళ్లకు నేల సంపంగి, ఇంకొకరికి వాన పడగానే పూసే చిన్న గులాబీరంగు పువ్వు. ఒప్పుకునే ముందు పువ్వు ఫొటో, ఆకు ఫొటో రెండూ చూడండి.

కొమ్మ కోసే పద్ధతి

మందారాన్నే తీసుకుందాం. అనువైన కాలం జూన్ నుంచి ఆగస్టు. మే ఎండల్లో కోసిన కొమ్మ దారిలోనే వాడిపోతుంది. మరీ లేత చిగురు కుళ్లుతుంది, మరీ ముదురు కొమ్మకు వేళ్లు ఆలస్యంగా వస్తాయి. పెన్సిల్ లావున, ఆకుపచ్చ నుంచి గోధుమరంగులోకి తిరుగుతున్న కొమ్మ చూడండి. కత్తెరను డెట్టాల్ నీళ్లతోనో స్పిరిట్‌తోనో తుడిచి, కణుపుకు కాస్త కింద ఏటవాలుగా కోయండి. పొడవు ఆరు నుంచి ఎనిమిది అంగుళాలుంటే చాలు. పూలు, మొగ్గలు నిర్దాక్షిణ్యంగా తీసేయండి. పైన రెండు ఆకులు ఉంచి, అవి పెద్దవైతే సగానికి కత్తిరించండి.

తీసుకున్నవాళ్లు తలకిందులుగా గుచ్చకుండా పైకొన సమంగా, కిందికొన ఏటవాలుగా ఉంచడం పాత అలవాటు. నవ్వకండి, ఆకుల్లేని కొమ్మకు ఏది పైనో తెలియక నేనే ఒకసారి తిరగేసి పెట్టాను.

గునుగు, తంగేడు కావాలంటే

బతుకమ్మ దగ్గర పడితే చాలు, ఈ రెండూ ఎక్కడ దొరుకుతాయని నగరాల్లో వెతుకులాట మొదలవుతుంది. పొలంలో గునుగు కలుపు మొక్క. డబ్బాలో పెంచుతున్నామంటే రైతులు నవ్వుతారు. అయినా మిద్దె మీద అది పూస్తే ఆ ముచ్చటే వేరు.

అడవి పూలకు నేను పెట్టుకున్న నియమం ఒకటే: గింజ తీసుకోవాలి, మొక్క పెకలించకూడదు. పీకి తెచ్చిన తంగేడు లోతుగా పోయిన తల్లివేరు తెగి ఎలాగూ బతకదు. రిజర్వు ఫారెస్టులో మొక్కలు తవ్వడం నేరం కూడా. శేషాచలం కొండల్లో పెరిగే సైకస్ బెడ్డోమి అనే అరుదైన మొక్క లాంటి వాటికి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందే రక్షణ ఉంది. అలాంటిది ఎవరైనా ఇస్తామన్నా వద్దనండి. బాట పక్కనా, పొలం గట్టునా దొరికే గింజలు చాలు, అవీ కొన్ని అక్కడ రాలేందుకు వదిలి తీసుకోండి. గట్టు ఎవరిదైతే వాళ్లనొక మాట అడగండి.

గునుగు కంకి కింద నుంచి పైకి ఎండుతుంది. కింది భాగం గడ్డిరంగుకు తిరిగాక కోసి, కాగితం మీద రెండు రోజులు ఆరబెట్టి అరచేతుల్లో నలపండి. ఆవగింజ కన్నా చిన్నగా, నల్లగా, నూనె రాసినట్టు మెరిసే గింజలు రాలతాయి. నోటితో ఊదితే పొట్టు ఎగిరిపోతుంది. గట్టిగా ఊదితే గింజలూ పోతాయనుకోండి. తొలకరికి చల్లితే పండుగ నాటికి పూస్తుంది. ఇచ్చేటప్పుడు ఒక హెచ్చరిక కూడా ఇవ్వండి: కంకులు ఎండేదాకా వదిలేస్తే వచ్చే ఏడు ప్రతి కుండీలోనూ గునుగే.

తంగేడు గింజకు పెంకు గట్టి. గరుకు కాగితం మీద ఒక పక్క కాస్త రుద్ది, వేడినీళ్లలో వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఉబ్బినవే విత్తండి. తర్వాత మార్చే పని లేకుండా లోతైన గ్రోబ్యాగులోనే పెట్టండి.

లాంటానా పూలు ఎంత రంగురంగులుగా ఉన్నా, నీళ్లతొట్టికి గుర్రపుడెక్క ఎంత బాగున్నా ఎవరికీ పంచకండి. అడవినీ చెరువునీ మింగేసిన మొక్కలవి.

ప్యాకింగు

గింజలు బాగా ఆరాక కాగితం పొట్లంలో కట్టండి. తడి ఆరని గింజను ప్లాస్టిక్ కవర్లో వేస్తే బూజు తప్పదు. పొట్లం మీద పేరు, పూల రంగు, కోసిన నెల రాయండి. పాత గింజలైతే పది తీసి తడిగుడ్డలో మూటగట్టి చూడండి. నాలుగే మొలిస్తే ఆ సంగతి చెప్పి కాస్త ఎక్కువ ఇవ్వండి.

కొమ్మల కిందికొనకు తడిపి పిండిన వార్తాపత్రిక చుట్టి, దాని మీద మాత్రమే ప్లాస్టిక్ కట్టాలి. ఆకులకు గాలాడాలి. అట్టపెట్టెలో కదలకుండా సర్ది సోమవారం కొరియర్ చేయండి. శనివారం ఇస్తే ఆదివారమంతా గోడౌన్‌లో మగ్గుతుంది. మట్టితో మొక్క పంపకపోవడమే మంచిది, బరువుకు బరువు, జబ్బుకు జబ్బు.

వచ్చిన మొక్కను వెంటనే తోటలో కలపొద్దు

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. ఒకసారి మార్పిడిలో వచ్చిన ముద్ద మందారాన్ని ముచ్చటపడి నా మందారాల మధ్యే పెట్టాను. ఆకు తొడిమ దగ్గర దూది పింజలా తెల్లగా ఏదో ఉంటే దుమ్మనుకున్నాను. అది పిండినల్లి. నెల తిరిగేసరికి చామంతి, వంకాయ, మిరప దేన్నీ వదల్లేదు. ఎంత టెన్షన్ పడ్డానో!

అప్పటి నుంచి కొత్త మొక్క ఏదైనా పదిహేను రోజులు మెట్ల దగ్గర విడిగా ఉంటుంది. ఆకుల అడుగు, కణుపుల సందులు చూడండి. మట్టితో వస్తే పాత మట్టి దులిపి, వేళ్లు కడిగి, మీ మట్టిలో పెట్టండి. శంఖుపుష్పం లాంటి చిక్కుడు జాతి మొక్కలకు తప్ప, వేళ్ల మీద పూసల్లా బుడిపెలుంటే నులిపురుగు అని అర్థం. మొహమాటపడకుండా కట్టి చెత్తలో వేయండి, కంపోస్టులో వద్దు. పాత మట్టిలో నల్లటి చిన్న గడ్డలు కనిపిస్తే అది తుంగ, ఒక్కటి మిగిలినా కుండీ మీది కాదు. పిండినల్లికి లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి, వారానికోసారి.

విదేశాల్లో ఉంటే

అమెరికాలో మనవాళ్లు ఒకరికొకరు ఇచ్చుకునే మొక్కల్లో కరివేపాకు ముందుంటుంది. ఇక్కడి నుంచి తాజా కరివేపాకును సూట్‌కేసులో పెట్టి అక్కడికి తీసుకెళ్లకూడదు. నిమ్మజాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసే చిన్న పురుగు ఆ ఆకుల మీద బతుకుతుంది. అందుకే అక్కడ కూడా తెగులు ఉన్న ప్రాంతాల నుంచి కరివేపాకు మొక్కను బయటికి పంపడానికి ఆంక్షలున్నాయి, మీ ప్రాంతం నిబంధన చూసుకోండి. అమ్మ పొట్లం కట్టి ఇచ్చిన గింజలకైనా అనుమతి కావాలి, ఎయిర్‌పోర్టులో దాచకుండా చెప్పాలి.

ఇక లెక్కల మాట. ఒక కొమ్మకు ఒక కొమ్మ అని తూకం వేయకండి. కొత్తగా మొదలుపెట్టినవాళ్ల దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు, వాళ్లకు ఊరికే ఇవ్వండి. దూరం నుంచి పంపించుకుంటే కొరియర్ ఖర్చు తీసుకునేవాళ్లు పెట్టుకోవడం సబబు. ఇచ్చిన మొక్క చచ్చిపోతే చాలామంది మొహం చాటేస్తారు. అలా చేయకండి, ఫోన్ చేసి చెప్పండి. నా దగ్గర పట్టుకెళ్లిన తెల్ల శంఖుపుష్పం పోయిందని ఒకావిడ చెప్పినప్పుడు చూసుకుంటే, మొన్నటి ఎండలకు నాదీ పోయింది. ఇద్దరం కలిసి ఇప్పుడు మూడో ఇల్లు వెతుకుతున్నాం.