డ్రెయిన్ జామ్ అయిందా? పైపులో ఇప్పటికే ఏం పోశారో ముందు గుర్తు తెచ్చుకోండి

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్న మా పై అంతస్తులో ఒకావిడ, బాత్రూమ్ జాలీ దగ్గర నీళ్లు నిలిచిపోయాయని సగం డబ్బా బ్లీచ్ పోశారు. గంట ఆగారు. నీళ్లు అంగుళం కూడా దిగలేదు. చిరాకొచ్చి, మూలనున్న టాయిలెట్ యాసిడ్ సీసా మూత తీసి అదే జాలీలో ఒంపేశారు. బయటికి చిమ్మకూడదని తలుపు కూడా దగ్గరికి వేసుకున్నారు.

నేను వెళ్లేసరికి ఆవిడ మెట్ల మీద కూర్చుని దగ్గుతున్నారు. ఒక్క మాట కూడా పూర్తిగా రావట్లేదు. కళ్లు ఎర్రగా ఉబ్బిపోయాయి. ఆ ఇంటి గుమ్మం దగ్గర ఈత కొలను వాసన లాంటిదే, కానీ గొంతు నులిమేసేంత ఘాటుగా ఉంది. మధ్యాహ్నానికి దగ్గు తగ్గింది, బాగానే ఉందన్నారు. రాత్రికి ఆయాసం మొదలై, ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు కోలుకున్నారు. మెట్లెక్కితే మాత్రం ఇంకా మధ్యలో ఆగుతున్నారు.

పదేళ్లకు పైగా మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ పనులు చూస్తున్నాను. జామ్ అయిన సింకులు, బాత్రూములు లెక్కలేనన్ని చూశాను. మనుషులు దెబ్బతిన్న ప్రతిసారీ కారణం ఒక్కటే: ఒకటి పోశాక పని జరగలేదని రెండోది పోయడం. అందుకే ఇది రాస్తున్నాను. గ్లోవ్స్ వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి లాంటివి సీసా మీదే ఉంటాయి, అవి మళ్లీ చెప్పను.

జామ్ ఎక్కడుంది?

డబ్బు ఎంత పోతుందో తేలేది ఇక్కడే. ఒక్క సింక్ మాత్రమే నెమ్మదిగా పోతుంటే, మిగతావన్నీ బాగుంటే, అడ్డు చాలావరకు దాని కింది వంపులోనే ఉంటుంది. అది చేత్తో అయ్యే పని. ఒక బాత్రూమ్‌లో ఫ్లష్ చేస్తే ఇంకో చోట జాలీలోంచి బుడగలు వస్తున్నా, వాషింగ్ మెషీన్ నీళ్లు వదిలినప్పుడు బాత్రూమ్‌లో నీళ్లు పైకి తంతున్నా, అది మెయిన్ లైన్ జామ్, అంటే అన్ని డ్రెయిన్లూ కలిసే పెద్ద పైపులో అడ్డు. మెయిన్ లైన్‌లో అడ్డు పడితే మీరు సింక్‌లో పోసే ఏ సీసా అక్కడిదాకా పనికొచ్చే బలంతో చేరదు. దారిలోనే నీళ్లలో కలిసి పలచబడిపోతుంది. ఆ సీసా డబ్బులు దండగ, పైగా పైపు నిండా రసాయనం.

ముందు చేత్తో అయ్యేవి

నా లెక్కలో మొదటి స్థానం ప్లంజర్‌ది, అదే కర్రకు రబ్బరు గిన్నె ఉండేది. ఒకసారి కొంటే ఏళ్లు వస్తుంది. చాలామంది దాన్ని రెండుసార్లు నొక్కి పని చేయట్లేదని వదిలేస్తారు. సింక్‌లో ప్లంజర్ అంచు మునిగేంత నీళ్లు ఉండాలి. వాష్ బేసిన్ పైభాగంలో ఉండే చిన్న కన్నాన్ని తడి గుడ్డతో గట్టిగా మూయాలి. లేకపోతే మీరు తోసిన గాలంతా అందులోంచే పోతుంది. రెండు గిన్నెల సింక్ అయితే రెండో కన్నాన్ని కూడా మూయాలి. ఆపకుండా పదిహేను, ఇరవై సార్లు తోసి, ఒక్కసారిగా పైకి లాగాలి. తోయడం కంటే లాగడమే అడ్డును కదిలిస్తుంది.

తర్వాత సింక్ కింద ఉండే బాటిల్ ట్రాప్, అంటే ఇందాక చెప్పిన ఆ వంపు. చాలావరకు చేత్తోనే ఊడుతుంది. కింద బకెట్ పెట్టి తిప్పండి. బకెట్‌లో పడిన మురికి నీళ్లు అదే సింక్‌లో పారబోయకండి, కింద పైపు లేదన్న సంగతి గుర్తుండదు. లోపల దొరికేది జిడ్డు, జుట్టు, సబ్బు కలిసిన బూడిదరంగు ముద్ద. మళ్లీ బిగించేటప్పుడు రబ్బరు వాషర్ సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. బిగించాక ఒక మగ్గు నీళ్లు పోయండి. ఆ వంపులో నిలిచే నీళ్లే మురుగు వాయువును ఇంట్లోకి రాకుండా ఆపుతాయి.

అంతకన్నా లోపలుంటే స్ప్రింగ్, అంటే పైపులోకి దూర్చి తిప్పే పొడవాటి చుట్టల తీగ. చేత్తో తిప్పేవి సాధారణంగా 15 నుంచి 25 అడుగులు ఉంటాయి. అడ్డు తగిలినప్పుడు బలంగా నెట్టకండి. తిప్పుతూ, కొంచెం వెనక్కి లాగుతూ, మళ్లీ తిప్పుతూ వెళ్లాలి. నెడితే లోపల మెలి పడి ఇరుక్కుంటుంది, అప్పుడు దాన్ని బయటికి తీయడానికి మనిషిని పిలవాలి.

వేడి నీళ్ల గురించి ఒక మాట. జిడ్డు కరగడానికి వేడి నీళ్లు మంచివే, కానీ మరిగే నీళ్లు వద్దు. పీవీసీ పైపులు 60 డిగ్రీల దాకానే సరిగ్గా తట్టుకుంటాయి, ఆపైన మెత్తబడి జాయింట్లు వదులవుతాయి. కమోడ్‌లో మరిగే నీళ్లు పోస్తే పింగాణీ పగలొచ్చు. వంటసోడా, వెనిగర్ కలిపి పోయడం అందరూ చెప్పేదే. ఆ నురగ చూడటానికి బాగుంటుంది, కానీ రెండూ ఒకదాన్నొకటి చంపుకుని మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. గట్టి అడ్డు కదలదు. ఎంజైమ్ మందులు రాత్రంతా ఉంచితే జిడ్డు పేరుకోకుండా ఆపుతాయి, పూర్తిగా మూసుకుపోయిన పైపును మాత్రం తెరవలేవు.

మనిషిని పిలిస్తే ఖర్చు

స్ప్రింగ్ మెషీన్ కంటే ఒత్తిడి నీళ్లతో కడిగే జెట్టింగ్ ఖరీదు. కెమెరా దించి చూడటానికి విడిగా అడుగుతారు. తవ్వి పైపు మార్చడం అన్నిటికంటే ఎక్కువ. సెలవు రోజున, అర్ధరాత్రి పిలిస్తే ఇంకా పెరుగుతుంది. పని మొదలెట్టకముందే అడగండి: వచ్చి చూసినందుకు విడిగా తీసుకుంటారా, గంటకా మొత్తం పనికా, అడ్డు పోకపోతే ఎంతివ్వాలి, మళ్లీ జామ్ అయితే ఎన్ని రోజుల్లోపు ఊరికే వస్తారు. పాత ఇనప పైపులో, పగిలిన మట్టి పైపులో ముందు కెమెరా చూడకుండా జెట్టింగ్ పెట్టనివ్వకండి. ఆ ఒత్తిడి చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్లకు పైనే ఉంటుంది, బలహీనమైన పైపు ఇంకా విచ్చుకుపోతుంది. అదే చోట ఏడాదిలో మూడుసార్లు జామ్ అవుతుంటే, మూడోసారి స్ప్రింగ్‌కు ఇచ్చే డబ్బు కెమెరాకు ఇవ్వండి. వాలు తప్పిన పైపో, లోపలికి దూరిన చెట్టు వేరో బయటపడుతుంది.

మందు పోయక తప్పకపోతే

కాస్టిక్ సోడా జుట్టును, జిడ్డును నిజంగానే కరిగిస్తుంది, కాదనను. కానీ అది నీళ్లలో పడగానే విపరీతంగా వేడెక్కుతుంది. దాని మీద నీళ్లు పోస్తే ఉడికి పైకి చిమ్ముతుంది. మోతాదు ఎక్కువై, నీళ్లు కదలకపోతే పైపులోనే రాయిలా గడ్డకట్టి అసలు అడ్డుకు ఇంకో అడ్డు తోడవుతుంది. అల్యూమినియం తగిలితే హైడ్రోజన్ వస్తుంది, అది నిప్పు అంటుకునే వాయువు.

ఇక అసలు విషయం. నీళ్లు కదలలేదంటే, పోసిన మందు కూడా కదలలేదని అర్థం. అక్కడే, ఆ వంపులోనే, బలం తగ్గకుండా కూర్చుని ఉంది. పైనుంచి చూస్తే మామూలు మురికి నీళ్లలాగే కనిపిస్తుంది. ఆవిడకి కూడా అలాగే కనిపించింది. దాని మీద రెండోది పోస్తే ఏమవుతుందో చూడండి.

బ్లీచ్ మీద యాసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల కందకాల మీదికి వదిలింది ఇదే వాయువును. గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు, అందుకే నేల మీదే పరుచుకుంటుంది. జాలీ దగ్గర వంగి చూసే మనిషి ముఖం సరిగ్గా అక్కడే ఉంటుంది. బ్లీచింగ్ పౌడర్ మీద యాసిడ్ పోసినా అంతే. వెనిగర్ కూడా యాసిడే.

బ్లీచ్, అమ్మోనియా ఉన్న క్లీనర్ కలిస్తే క్లోరమైన్. అదీ ఊపిరితిత్తుల్ని కాల్చేదే.

కాస్టిక్ సోడా మీద యాసిడ్ పోస్తే ఆ వేడికి నీళ్లు అక్కడికక్కడే మరిగి ముఖం మీదికి లేస్తాయి. గాఢమైన సల్ఫ్యూరిక్ యాసిడ్ అయితే ఉత్తి నీళ్లు తగిలినా అలాగే చిమ్ముతుంది.

ఏళ్లతరబడి పేరుకున్న మురుగు మీద యాసిడ్ పడితే కుళ్లిన గుడ్డు వాసనతో హైడ్రోజన్ సల్ఫైడ్ రావచ్చు. మోతాదు పెరిగితే అది ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన పోయిందంటే వాయువు పోయిందని కాదు.

రెండోది పోయడం అంటే సీసా మాత్రమే కాదు. మందు పోసి అరగంట ఆగి ప్లంజర్ తీసుకుంటారు చూడండి, అదీ ఇదే తప్పు. ఆ తోపుకు లేచేది నీళ్లు కాదు, కాస్టిక్. ఇంకోటి నా కళ్ల ముందే జరిగింది. ఒక ఇంట్లో రాత్రి మందు పోసి, పొద్దున్న ప్లంబర్‌ను పిలిచారు. పోసిన సంగతి చెప్పలేదు, చెప్పాలని తట్టలేదు. అతను సింక్ కింద వెల్లకిలా పడుకుని ట్రాప్ తిప్పాడు. కారింది ముంజేతి మీదుగా మోచేతి దాకా. మొదట మంట లేదు, సబ్బులా జారుతోందన్నాడు, గుడ్డతో తుడుచుకుని పని చేస్తూనే ఉన్నాడు. కాస్టిక్ అలాగే ఉంటుంది: ముందు నొప్పి తెలియనివ్వదు, లోపలికి తింటూ పోతుంది. పావుగంటకు చర్మం తెల్లగా మెత్తబడి వేలికి ఊడొచ్చింది. ఇప్పటికీ అతని ఎడమ చేతి మీద అరచేయంత మచ్చ ఉంది. ఆ ట్రాప్ నేనే తిప్పించాను. అప్పటినుంచి ఎవరి ఇంటికి మనిషిని పంపినా, ఏమైనా పోశారా అని మూడుసార్లు అడుగుతున్నాను.

మిగతావి వరసగా రాసేస్తున్నాను.

ఒకటి పోశాక రెండోది పోయకండి. గంట తర్వాత కూడా. మర్నాడు కూడా, నీళ్లు ఇంకా నిలిచే ఉంటే.

అదే కంపెనీ సీసా అయినా సరే. కంపెనీ ఒకటే అయినా లోపలున్నది వేరే.

ఇంట్లో ఇంకెవరైనా పోశారేమో అడగండి. పొద్దున్న మీరు, మధ్యాహ్నం ఇంకొకరు. చాలా ప్రమాదాలు ఇలాగే.

పేరు లేని సీసాలో తెచ్చిన యాసిడ్ వాడొద్దు.

కూల్ డ్రింక్ సీసాలో ఏ మందూ పోసి పెట్టొద్దు.

కాస్టిక్‌ను నీళ్లలో వేయాలి, కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు. వేడి నీళ్లు అసలే వద్దు.

కమోడ్ జామ్ అయితే బ్లీచ్ వద్దు. అందులో మూత్రం ఉంటుంది, దాన్నుంచి వచ్చే అమ్మోనియా చాలు.

మందు పోశాక జాలీ మీదికి వంగి చూడొద్దు. పని జరుగుతోందా లేదా అన్నది నీళ్లు దిగితే తెలుస్తుంది.

తలుపు, కిటికీ తెరవకుండా మొదలుపెట్టొద్దు.

కళ్లద్దాలు కాదు, కళ్లను పూర్తిగా మూసే గాగుల్స్.

ఘాటు వాసన వచ్చిందా, అన్నీ అక్కడే వదిలేసి బయటికి రండి. నీళ్లు పోసి కడిగేద్దామని లోపల ఆగొద్దు. సీసా మూత పెట్టడానికి కూడా ఆగొద్దు.

లోపల ఎవరైనా పడిపోతే ముక్కుకు గుడ్డ కట్టుకుని వెళ్లొద్దు. గుడ్డ ఏ వాయువునూ ఆపదు. ఫైర్ వాళ్లకు, అంబులెన్స్‌కు ఫోన్ చేసి కలిసింది ఏమిటో చెప్పండి.

మురుగు ఛాంబర్ మూత తీసి లోపలికి దిగొద్దు. ఎవరినీ దించొద్దు. ఎంత డబ్బు మిగిలినా సరే.

క్లోరిన్ పీల్చాక తగ్గిపోయింది అనుకోవద్దు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి ఒక రోజు దాకా ఆగి మొదలవుతుంది. అదే రోజు డాక్టర్‌కు చూపించండి.

కంట్లో పడితే కనీసం ఇరవై నిమిషాలు ఆపకుండా నీళ్లు. గడియారం చూసుకుని. తర్వాతే ఆసుపత్రి.

ఒంటి మీద పడితే బట్టలు వెంటనే విప్పేయండి, నీళ్లతో కడుగుతూనే ఉండండి. కాస్టిక్ పడిన చోట నిమ్మరసం, వెనిగర్ రాయొద్దు.

మింగితే వాంతి చేయించొద్దు. వెళ్లిన దారినే మళ్లీ కాలుస్తూ వస్తుంది.

సీసా వెంట తీసుకెళ్లండి, డాక్టర్‌కు లోపల ఏముందో తెలియాలి.

ఒకటి పోశాక రెండోది పోయకండి. పని జరగకపోతే మందు పోయడం అక్కడితో ఆపేసి మనిషిని పిలవండి.

పోసిన వెంటనే ఒక కాగితం మీద ఏం పోశారో, ఎంత పోశారో, ఎన్ని గంటలకో రాసి సింక్ పైన అంటించండి. ప్లంబర్ లోపలికి రాగానే, అతను సంచి కింద పెట్టకముందే, ఆ కాగితం చేతిలో పెట్టండి.