అరువు చెయ్యి - 4వ పాఠం: "ఖాయమా?" అని అడగొద్దు

చూపులేనివారు చెప్తుంటే వాళ్ల పరీక్ష రాసిపెట్టే మనిషిని స్క్రైబు అంటారు, ఆ పని నేర్చుకునేవాళ్ల కోసం ఈ పాఠాలు. ఈసారి నేరుగా ప్రశ్నపత్రం చదవడంలోకి వెళ్దామనుకున్నాను. 3వ పాఠం తర్వాత మీరు రాసినవి చదివాక, ముందు ఆ బాకీ తీర్చక తప్పదని తేలింది.

పోయినసారి చూపులేనివారితో కలిసి నడవడం నేర్చుకున్నాం. మనం వాళ్ల చెయ్యి పట్టుకోం, వాళ్లే మన మోచేతి పైన పట్టుకుంటారు, మనం అర అడుగు ముందు నడుస్తాం. నా లెక్కలో అది పది నిమిషాల పాఠం. కానీ జరిగింది చూడండి. ఒక అబ్బాయి కోఠి బస్టాపులో తెల్లకర్రతో నిలబడ్డ పెద్దాయన్ని చూశాడు. "రండి అంకుల్" అని మోచెయ్యి అందించి, చెయ్యెత్తి ఆటోలన్నీ ఆపించి, రోడ్డు దాటించాడు. దాటాక ఆ పెద్దాయన, "బాబూ, నా బస్సు అటువైపే కదా వచ్చేది, మళ్లీ అక్కడ దింపుతావా?" అన్నాడట. మోచెయ్యి మాత్రం పాఠంలో చెప్పినట్టే పెట్టానని అబ్బాయి రాశాడు. సంతోషం. "ఎక్కడికి వెళ్లాలండీ?" అని ముందు అడగాలని నేను రాయలేదు. అంత మాత్రం తెలుస్తుందిలే అనుకున్నాను, తప్పు నాదే.

గుంటూరు నుంచి ఒక అమ్మాయి రాసింది. చూపులేని ఒకావిడకి సాయం చెయ్యబోతే, ఆవిడ "వద్దమ్మా, నాకు దారి తెలుసు" అని వెళ్లిపోయిందట. "నాకు రెండు రోజులు మనసేం బాగాలేదు సార్" అంది. దారి తెలిసిన మనిషి తన దారిన తను వెళ్తే నీకెందుకమ్మా బాధ? జవాబు నాకు రాయనక్కర్లేదు. ఈ పాఠం అయ్యేదాకా ఆ ప్రశ్న పక్కనే పెట్టుకో.

మిగిలినవి గబగబా చెప్తాను. చెవి దగ్గర అరిచినవాళ్లు నలుగురు. లోపం కంటికి, చెవికి కాదు. పక్కనున్న తల్లిని "ఈయన టీ తాగుతారా?" అని అడిగినవాళ్లు ఇద్దరు. ఆయన్నే అడగండి. "అక్కడ కుర్చీ ఉంది" అన్నవాళ్లని లెక్కపెట్టడం మానేశాను. చూపులేనివారికి 'అక్కడ' అంటే ఎక్కడ? "మీ కుడివైపు, రెండడుగుల్లో" అనాలి. సర్టిఫికెట్ ఇస్తారా అని అడిగినవాళ్లకు జవాబివ్వను.

ఇక పరీక్ష హాలు.

ఈ పాఠాలు కుర్రవాళ్ల కోసమే ఎందుకు రాస్తున్నానని ఒకరు అడిగారు. కుర్రవాళ్లకి దయ నేర్పాలనే ఉద్దేశం ఉన్నమాట నిజమే గానీ, అసలు కారణం అంత గొప్పది కాదు. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, పరీక్ష రాసేవాళ్లు తమ స్క్రైబుని తామే తెచ్చుకుంటే, ఆ స్క్రైబు చదువు వాళ్ల చదువు కన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలనేవారు. 2025లో ఆ మార్గదర్శకాలు మారాయి. చదువు పెరిగేకొద్దీ మనం పనికిరాకుండా పోయే సేవ ఇదొక్కటే అనుకుంటాను. డిగ్రీ చేతికొచ్చిన రోజు నేను సంతోషపడ్డాను, నాతో పరీక్షలు రాయించుకునే ఒక అన్నయ్య మాత్రం "నీ పని అయిపోయింది పో" అన్నాడు. అంటే ఇప్పుడు ఇంటర్లోనో డిగ్రీలోనో ఉన్న మీరే కావాలి. పరీక్షను బట్టి నియమాలు మారుతుంటాయి కాబట్టి హాల్‌టికెట్‌తో వచ్చే సూచనలు ప్రతిసారీ చదవండి.

ఆ 2018 మార్గదర్శకాల్లోనే మీకు పనికొచ్చే విషయాలు ఇంకో రెండు ఉండేవి. గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఇవ్వాలి. అంటే మూడు గంటల పేపరుకి మీరు నాలుగు గంటలు కూర్చుంటారు. స్క్రైబుని పరీక్ష పెట్టేవాళ్లే ఇస్తే, రెండు రోజుల ముందు కలిసి చూసుకునే అవకాశం పరీక్ష రాసేవారికి ఉండాలన్నారు. చూసుకునేది వాళ్లు మనల్ని. నచ్చకపోతే మార్చమంటారు, అలగకండి. వాళ్లే మిమ్మల్ని తెచ్చుకున్నా సరే, ముందురోజు ఓ గంట కలవండి. ఫోన్లో మాట్లాడితే చాలదా అంటారు. చాలదు. వాళ్లు ఎంత వేగంగా చెప్తారో, మీరు ఎంత వేగంగా రాయగలరో పక్కపక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. సమయం ఎప్పుడెప్పుడు చెప్పాలి, కామాలు వాళ్లు చెప్తారా మీరు పెట్టాలా, ఇవన్నీ ఆ గంటలోనే తేల్చుకోవాలి. బల్ల మీద తట్టడం లాంటి గుర్తులు వద్దు, ఇన్విజిలేటర్‌కి వేరేగా అర్థమవుతుంది.

టైముకి వెళ్లడం, రాత అర్థమయ్యేలా ఉండటం లాంటివి చెప్పను.

చదవడం గురించి. ప్రశ్నని ఉన్నదున్నట్టు చదవాలి, మార్కులతో సహా, "ఏవైనా నాలుగింటికి" అన్న ముక్కతో సహా. మీ మాటల్లో చెప్పకూడదు. లెక్కల పేపరు దగ్గర మాత్రం ఉన్నదున్నట్టు చదివినా చాలదు. "ఆరు ప్లస్ నాలుగు బై రెండు" అని చదివారనుకోండి. మొత్తం కింద రెండు ఉంటే జవాబు 5, నాలుగు కిందే రెండు ఉంటే జవాబు 8. కాగితం చూస్తున్న మీకు గీత కనిపిస్తుంది, వింటున్నవారికి కనిపించదు. కాబట్టి "లవం మొదలు, ఆరు ప్లస్ నాలుగు, లవం అయింది, హారం రెండు" అని చదవండి. వర్గమూలం కూడా అంతే. "రూట్ తొమ్మిది ప్లస్ పదహారు" అంటే 5 అయినా కావచ్చు, 19 అయినా కావచ్చు. రూట్ గుర్తు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పలకాలి. బ్రాకెట్టు తెరిచినప్పుడూ మూసినప్పుడూ చెప్పాలి.

చూపులేనివాళ్లకి లెక్కల పేపరెక్కడ ఉంటుందిలే అని ఈ భాగం దాటేసేవాళ్లు ఉంటారని నాకు తెలుసు. మచిలీపట్నం దగ్గర పల్లెలో చూపు లేకుండా పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కి పదో తరగతి తర్వాత సైన్స్ గ్రూపు ఇవ్వం అన్నారు. ఆయన కోర్టుకెక్కి సీటు తెచ్చుకున్నాడు, ఇంటర్లో 98 శాతం తెచ్చుకున్నాడు, అమెరికా వెళ్లి ఎం.ఐ.టి.లో చదివాడు. కాబట్టి దాటెయ్యకండి.

బిట్ పేపరులో ఇంకో చిక్కుంది, మన గొంతు. భద్రాచలం ఏ నది ఒడ్డున ఉంది అనే ప్రశ్న ఉంది. కృష్ణా, గోదావరి, పెన్నా, తుంగభద్ర. నా దగ్గర నేర్చుకున్న రాజమండ్రి కుర్రాడొకడు మిగతా మూడింటినీ మామూలుగా చదివి, గోదావరి దగ్గరకొచ్చేసరికి తాంబూలం అందిస్తున్నంత మర్యాదగా పలికాడు. వినేవారు నవ్వేశారు. జవాబు తెలిసిన ప్రశ్నకి గొంతు దానంతటదే ఒక్క చోట ఆగుతుంది, లేస్తుంది. మందుల షాపువాడు మందుల పేర్లు చదివినట్టు నాలుగూ ఒకే తీరున చదవండి.

రాయడం గురించి నా అలవాట్లు కొన్ని. ఒకే రకం బాల్‌పెన్నులు మూడు, కొత్తవి కావు, ఇంట్లో ఓ పది పేజీలు రాసి అరిగినవి. జెల్ పెన్ను నాకు పడదు, చెయ్యి ఆనితే అలుక్కుపోతుంది. ప్రతి జవాబు కింద నాలుగైదు లైన్లు వదులుతాను, ఎందుకంటే గంట తర్వాత "ఇందాకటి దానికి ఒక పాయింటు కలపాలి" అంటారు. అడిషనల్ షీట్ అయిపోకముందే అడుగుతాను. చదివి వినిపించమంటేనే వినిపిస్తాను, తప్పులతో సహా.

ఇక ఈ పాఠం పేరు పెట్టుకున్న సంగతి.

నేను ఇంటర్లో ఉన్నప్పుడు డిగ్రీ చదివే ఒక అక్కకి చరిత్ర పేపరు రాస్తున్నాను. ఆంధ్ర రాష్ట్రం ఎప్పుడు ఏర్పడిందన్న చోట ఆవిడ "1953, రాజధాని కర్నూలు" అని చెప్పింది. నా బుర్రలో 1956 తిరుగుతోంది. పాపం పొరపాటు పడిందనుకుని, మెల్లగా, ఎంతో దయగా "ఖాయమా అక్కా?" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "అయితే 1956 వేసెయ్" అంది. వేశాను.

1953 అక్టోబరు 1న ఏర్పడింది ఆంధ్ర రాష్ట్రం. 1956 నవంబరు 1న ఏర్పడింది ఆంధ్రప్రదేశ్. ఆవిడ సరిగ్గానే చెప్పింది. తప్పు రాయించింది నేను, సాయం చేస్తున్నాననుకుంటూ. బయటికొచ్చి పుస్తకం తిరగేస్తే తెలిసింది. చెప్పి క్షమించమన్నాను. "నువ్వు అడిగిన తీరు చూసి నీకు బాగా తెలుసనుకున్నానురా" అంది, అంతే.

కళ్లున్నవాడు అడిగిన ప్రశ్నకి బరువు ఎక్కువ. కాగితం నా ముందుంది, పెన్ను నా చేతిలో ఉంది, ఇన్విజిలేటర్ మొహం నాకు కనిపిస్తోంది. అలాంటప్పుడు నేను "ఖాయమా?" అంటే అది ఎదుటివాళ్ల చెవికి "తప్పు" అనే వినిపిస్తుంది. ఆ మాట నోటితోనే అనక్కర్లేదు కూడా. పెన్ను ఆపినా అదే. వేగంగా గీసుకుపోతున్న చప్పుడు ఆగితే వాళ్లకి వినిపిస్తుంది. "ఊఁ?" అన్నా అదే. నిట్టూర్చినా అదే. సరైన జవాబుకి హుషారుగా రాసి, తప్పు జవాబుకి నీరసంగా రాసినా అదే. "ఇంకొకసారి చెప్పండి" అన్నది అన్నిటికన్నా దొంగమాట. నిజంగా వినపడక అడిగితే తప్పులేదు. తప్పు చెప్పినప్పుడే మీకు వినపడకుండా పోతుంటే చూడండి, అప్పుడు చెవులు కాదు పరీక్ష చేయించుకోవాల్సింది.

అక్షరాల దగ్గర కూడా ఇదే బురద. శ, ష, స, న, ణ, ల, ళ. చెప్పేవారు పలికింది ఏ అక్షరమో తెలియకపోతే "ఏ అక్షరం?" అని అడగొచ్చు. కానీ అడిగితే ప్రతిసారీ అడగాలి, సరైనదానికీ అడగాలి. తప్పు దగ్గరే అడిగితే ఆ అడగడమే జవాబు చెప్పేసినట్టు. ఇంగ్లిష్ స్పెల్లింగులకీ ఇదే పద్ధతి, ముందురోజే మాట్లాడుకుని పెట్టుకోండి.

"తప్పని తెలిసీ రాసేస్తే ఇక దయ ఎక్కడుంది సార్?" అని 2వ పాఠం అప్పుడే ఒకరు అడిగారు. దాటవేశాను, ఇప్పుడు చెప్తాను. పట్టుబడితే మాల్‌ప్రాక్టీస్, ఇద్దరూ ఇరుక్కుంటారు. అది చిన్న కారణం. పెద్ద కారణం ఇది. చూపులేని పిల్ల ఫస్ట్ క్లాసులో పాసైతే ఊళ్లో మొదట వినిపించే మాట ఏమిటో తెలుసా? "ఆ, స్క్రైబు రాసుంటాడులే." ఆ పిల్ల రాత్రంతా ఫోనుకి చెవి ఆనించి రికార్డు చేసిన పాఠాలు విన్నది ఎవరూ చూడరు. మీరు జాలిపడి ఒక్క మార్కు కలిపారంటే ఆ మాట ఒక్క మార్కు మేరకు నిజమైపోతుంది. ఆ ఒక్కటీ ఏదో ఎవరికీ తెలియదు కాబట్టి మిగతా మార్కులన్నీ అనుమానంలో పడతాయి. మీరు తప్పుని తప్పుగా రాశారు కాబట్టే ఆవిడ ఒప్పులన్నీ ఆవిడవి. చెయ్యి దురద పెడుతుంది, నాకు తెలుసు. నాకు ఇప్పటికీ పెడుతుంది.

అయితే అన్నిటికీ మౌనం కాదు. ఒక ప్రశ్న వదిలేశారని గమనిస్తే? నేనైతే ముందురోజే అడిగి పెట్టుకుంటాను: "చివర్లో ఏయే నంబర్లు రాశామో వరసగా చదవనా?" సరే అంటే చదువుతాను, నంబర్లు మాత్రమే. వదిలేసింది వాళ్లే పట్టుకుంటారు.

అభ్యాసం లేదా అంటారు కాబట్టి చెప్తున్నాను. పదో తరగతి సోషల్ పాత పేపరు ఒకటి సంపాదించండి. సోషల్‌లో మీకన్నా వెనకబడ్డ తమ్ముణ్నో స్నేహితురాలినో కూర్చోబెట్టండి. బాగా వచ్చినవాళ్లని వద్దు, తప్పులు రావాలి. వాళ్లు కళ్లు మూసుకుని జవాబులు చెప్తారు, మీరు రాస్తారు. అదనపు సమయంతో కలిపి పూర్తి సమయం. గంట చేసి మానేస్తే చేసినట్టు కాదు, ఎందుకంటే చివరి గంటలోనే చెయ్యి నొప్పి పుట్టి విసుగు గొంతులోకి వస్తుంది. మొత్తం ఫోన్లో రికార్డు చెయ్యండి. మర్నాడు ఆ రికార్డు వింటూ మీ రాతని మాట మాటా సరిచూడండి. వాళ్లు చెప్పనిది ఒక్క మాట కాగితం మీదుంటే ఎర్రగీత. మీ నోటినుంచి వచ్చిన ప్రతి "ఊఁ?", ప్రతి నిట్టూర్పు, పెన్ను ఆగిన ప్రతి చోటా ఒక ఎర్రచుక్క. మొదటిసారి నాకు పదకొండు చుక్కలు వచ్చాయి, అందులో రెండు 'ఖాయమా'లు. మూడు కన్నా తగ్గేదాకా మళ్లీ మళ్లీ చెయ్యండి, ప్రతిసారీ వేరే పేపరుతో.

గుంటూరు అమ్మాయ్, నువ్వు మాత్రం మొదటిసారి రాసేవైపు కూర్చోకు. కళ్లు మూసుకుని చెప్పేవైపు కూర్చో. రాసేవాళ్లు అడక్కుండా సాయం చెయ్యబోయిన ప్రతిసారీ నీకేమనిపించిందో అదే కాగితం వెనక రాసి నాకు పంపు.

వచ్చేసారి పటాలు, పట్టికలు, 'జతపరచండి'. స్కేలు దగ్గర పెట్టుకోండి.