ఫుట్‌బాల్ ఎత్తులు, నియమాలు – 4వ పాఠం: పెనాల్టీలో పాస్

విజయనగరం అయోధ్య మైదానంలో ఆడే కుర్రాళ్లయినా, శ్రీకాకుళం కాలేజీ జట్లయినా పెనాల్టీ వచ్చిందంటే నేరుగా గోల్‌కే కొడతారు. నియమం మాత్రం అలా కొట్టమని ఎక్కడా చెప్పలేదు. 14వ నియమం ప్రకారం బంతి ముందుకు కదలాలి, కొట్టినవాడు ఇంకొకరు తాకేదాకా దాన్ని మళ్లీ తాకకూడదు. గోల్‌కి కొట్టకుండా సహచరుడికి పాస్ ఇచ్చే ఎత్తుకు దారి ఇచ్చింది ఈ రెండు షరతులే.

1982 డిసెంబర్ 5న హెల్మండ్ స్పోర్ట్ జట్టు మీద నెదర్లాండ్స్ క్లబ్ అయాక్స్ ఆటగాడు యోహాన్ క్రైఫ్ పెనాల్టీ కొడుతూ బంతిని ఎడమవైపుకి, కొంచెం ముందుకి నెట్టాడు. పరుగున వచ్చిన సహచరుడు యెస్పర్ ఓల్సన్ దాన్ని అందుకున్నాడు. గోల్‌కీపర్ తన మీదికి రాగానే తిరిగి క్రైఫ్‌కి ఇచ్చేశాడు. ఇక క్రైఫ్‌కి మిగిలింది ఖాళీ గోల్.

ఇక్కడ ఆఫ్‌సైడ్ (పాస్ ఇచ్చే క్షణంలో అందుకునేవాడు బంతి కంటే, చివరి నుంచి రెండో ప్రత్యర్థి కంటే గోల్‌కి దగ్గరగా ఉండటం) ఎందుకు లేదో తెలిస్తే సగం పాఠం వచ్చినట్టే. క్రైఫ్ కొట్టేటప్పుడు ఓల్సన్ బంతికి వెనకే ఉన్నాడు, ఉండితీరాలి కూడా. ఓల్సన్ తిరిగి ఇచ్చేటప్పుడు క్రైఫ్ బంతికి వెనకే ఉన్నాడు. పాస్ ఇచ్చిన ఉత్సాహంలో ముందుకు దూసుకుపోతే గోల్ పోయినట్టే. రెండో పాస్ వెనక్కి వచ్చినా తప్పు లేదు, ముందుకు వెళ్లాలన్నది మొదటి తన్నుకే.

రెండో ఆటగాడు ఎక్కడ నిలబడాలి? పెనాల్టీ బిందువుకి కనీసం 9.15 మీటర్ల దూరంలో, బాక్స్ (పెనాల్టీ ఏరియా) బయట. అర్ధచంద్రం గీత బాక్స్ గీతను కలిసే మూల అందుకు మంచి చోటు. అయితే డిఫెండర్ కూడా అంతే దూరంలో ఉండొచ్చు. అందుకే ఈ ఎత్తు ప్రాణమంతా తొలి అడుగులోనే ఉంది. కాలు బంతికి తగిలాకే కదలాలి. ముందే బాక్స్‌లోకి వచ్చి బంతిని అందుకుంటే గోల్ నిలవదు.

తొలి తన్ను గట్టిగా పడాలి. 2005లో ఆర్సెనల్ ఆటగాడు రోబేర్ పిరెస్, తియరీ ఆన్రీ కోసం ఇలాగే ప్రయత్నించాడు. కాలు బంతికి రాసుకుపోయిందే గాని బంతి సరిగా కదల్లేదు, రెండుసార్లు తాకాడని ఫ్రీకిక్ ప్రత్యర్థి మాంచెస్టర్ సిటీకి వెళ్లింది. 2016 ఫిబ్రవరిలో బార్సిలోనా ఆటగాడు మెస్సీ అలా తటపటాయించలేదు. సెల్టా వీగో జట్టు మీద స్పష్టంగా పక్కకు నెట్టాడు, సహచరుడు సువారెజ్ వచ్చి గోల్ కొట్టాడు.

స్కోరు సమమైనప్పుడు పెనాల్టీలతో గెలుపు తేల్చే షూటౌట్‌లో ఇది కుదరదు. ఆట సమయం అయిపోయాక పెనాల్టీ కోసమే పొడిగించినప్పుడు కూడా వద్దు. సహచరుడు బంతిని తాకగానే ఆట ముగిసిపోతుంది. చాలామందికి తెలియని నియమం ఇది, ఫైనల్ ఆడేముందు జట్టంతటికీ చెప్పండి.

ఈ వారం సున్నంతో బాక్స్, అర్ధచంద్రం గీసుకుని నలుగురు సాధన చేయండి: కొట్టేవాడు, పరుగెత్తేవాడు, కీపర్, ఒక డిఫెండర్. పరుగెత్తేవాడు డిఫెండర్ కంటే ముందు బంతిని చేరేదాకా రెండో పాస్ జోలికి వెళ్లొద్దు. వచ్చే పాఠంలో త్రో-ఇన్.