స్క్రాప్ లోడు దింపే ముందు: రేడియేషన్ మీటర్ జాగ్రత్తలు

2010లో ఢిల్లీ మాయాపురిలో స్క్రాప్‌కు అమ్మిన పాత యంత్రంలోని కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం ఒకరి ప్రాణం తీసింది. లోడు మీద చెయ్యి వేసే ముందే ఇవి చూసుకోండి.

• మీటరును దూరంలోనే ఆన్ చేసి, రీడింగ్ చూస్తూ మెల్లగా దగ్గరికి వెళ్ళండి. రేడియేషన్ మరీ ఎక్కువైతే కొన్ని గైగర్ మీటర్లు స్తంభించి సున్నా చూపిస్తాయి. పెరుగుతున్న రీడింగ్ ఉన్నట్టుండి పడిపోతే వెంటనే వెనక్కి వచ్చేయండి. అక్కడ కొలవాల్సింది ఎక్కువ రేడియేషన్‌నూ కొలవగల అయాన్ ఛాంబర్ మీటరుతో, అదీ శిక్షణ ఉన్నవారే.

• రీడింగ్ పక్కన ఉన్న యూనిట్ మైక్రోసీవర్టా, మిల్లీసీవర్టా? తేడా వెయ్యి రెట్లు. రేంజి తానే మార్చుకునే డిజిటల్ మీటర్లలో పొరబాటు ఇక్కడే జరుగుతుంది.

• ఖాళీ స్థలంలోనూ గైగర్ మీటరు అడపాదడపా టిక్కుమనాలి, ఎందుకంటే సహజ రేడియేషన్ అంతటా ఉంటుంది. అసలు పలకకపోతే పక్కన పెట్టేయండి.

• ఆల్ఫా రకం రేడియేషన్‌ను కాగితం కూడా ఆపేస్తుంది. అందుకే దాన్ని కొలవడానికి ట్యూబు ముందు పల్చని పొరతో కిటికీ ఉన్న మీటరు కావాలి, దాని మూత తీయాలి. ఆ పొరకు వేలు తగలనివ్వకండి, చిరిగితే ట్యూబు పోయినట్టే.

• బలహీనమైన గామా రేడియేషన్‌ను వెతకడానికి, రేడియేషన్ తగిలితే మెరిసే స్ఫటికంతో పనిచేసే సింటిలేషన్ మీటరే మేలు. కింద పడితే ఆ స్ఫటికం పగలొచ్చు.

• మీటరు సరిగ్గా కొలుస్తోందో లేదో చూసే కాలిబ్రేషన్ గడువు దాటిందా?