ఫ్యాక్టరీ, రైలు కట్ట పెంచిన ఊరి పుట్టుక రాయాలంటే

తాడేపల్లి వంటి ఊరి పుట్టుపూర్వోత్తరాలు రాయబూనినవారు తరచుగా తాటిచెట్లతో మొదలుపెట్టి, ఉండవల్లి గుహల మీదుగా నేరుగా నేటి అపార్ట్‌మెంట్లకు వచ్చేస్తారు. గ్రామం పాతదే కావచ్చు గాని, పట్టణపు తీరు దానికి గుంటూరు, తెనాలి లైన్లు విడిపోయే కృష్ణా కెనాల్ జంక్షను వల్లా, సిమెంటు ఫ్యాక్టరీ వల్లా వచ్చింది కాబట్టి రైలు కట్ట దగ్గరే మొదలుపెట్టడం మేలు.

ముందుగా కాగితాలను ఏ పేరిట వెతకాలో తేల్చుకోవాలి. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది గనుక అంతకు ముందరివి కృష్ణా జిల్లా పేరిట ఉంటాయి. దక్షిణ మధ్య రైల్వే 1966లోనూ, దక్షిణ రైల్వే 1951లోనూ ఏర్పడ్డాయి. వాటికి ముందు ఇక్కడి లైన్లు మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే మార్గాలు, ఆ పేరైనా 1908కి పూర్వం కనిపించదు. 1883లో అచ్చయిన కృష్ణా జిల్లా మాన్యువల్‌ను తప్పక చూడాలి, అది బెజవాడకు రైలు రాకముందటిది.

అసలు సరుకు భూమి రికార్డుల్లో ఉంటుంది. తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టి రీసెటిల్‌మెంటు రిజిస్టరునూ (సర్వే నంబర్ల వారీగా భూముల వివరాలు రాసిన పుస్తకం), ఎఫ్.ఎం.బి. పటాలనూ (ఒక్కో సర్వే నంబరు కొలతలు చూపే పొలం పటాలు) చూడాలి. నలుచదరపు చేల గుండా ఒక వంపు గీత సాగి, ఒకే సర్వే నంబరు మూడు సబ్‌డివిజన్లుగా చీలి, మధ్య ముక్కకు రైతు పేరు బదులు రైల్వే పేరు ఉంటే అది లైను కోసం తీసుకున్న భూమి. దాని నుంచి సన్నని తోకలాంటి పాయ ఫ్యాక్టరీ వైపు మళ్లితే అది సైడింగు, అంటే సరుకు బండ్ల కోసం వేసిన పక్క లైను, కావచ్చు. 1894 భూసేకరణ చట్టం కింద గెజిట్‌లో వెలువడిన నోటీసులతో దానిని పోల్చాలి, అయితే నోటీసు తేదీని బండి నడిచిన తేదీగా పొరబడరాదు (ఈ పొరపాటు పెద్దవాళ్లూ చేస్తారు).

సిమెంటుకు సున్నపురాయి, బొగ్గు లోపలికి రావాలి, బస్తాలు బయటికి పోవాలి. రాయి ఎక్కడి నుంచి, ఏ బండి మీద వచ్చిందో రాయనిదే ఫ్యాక్టరీ అక్కడే ఎందుకు వెలిసిందో తేలదు.

పాత కార్మికులను సంవత్సరాలు అడగడం వృథా. ప్రకాశం బ్యారేజీ కట్టకముందా, తరవాతా అని అడిగితే 1957కి అటో ఇటో తెలుస్తుంది. సైరన్ ఎప్పుడెప్పుడు మోగేదో, క్వార్టర్స్‌లో ఏ వరుస ఎవరికిచ్చారో, స్వగ్రామమేదో ఓపికగా వినాలి. ఇంట్లో పి.ఎఫ్. చీటీ దొరికి, అందులోని తేదీ వారి మాటతో కుదరకపోతే, ఒకదానిని కొట్టివేయకుండా రెండింటినీ పక్కపక్కనే రాయాలి.