కాగితాలు లేకుండా అమెరికాలో లాయర్ లైసెన్స్ తెచ్చుకోవడం ఎలా?

అమెరికాలో సరైన వీసా లేకుండా ఉంటున్న మనిషి లా స్కూల్లో చేరకూడదని ఫెడరల్ చట్టం ఎక్కడా చెప్పదు. అలా చేరి, చదివి, లాయర్ కావడానికి రాసే బార్ పరీక్ష పాసైనవాళ్లు ఉన్నారు. చిక్కంతా ఆఖర్న, లైసెన్స్ చేతికిచ్చే దగ్గర వస్తుంది. కొన్ని రాష్ట్రాలు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ఒక రాష్ట్రమైతే ముందు ఇస్తానని చట్టం చేసి, తర్వాత దాన్ని రద్దు చేసింది. మూడేళ్లు చదివి, అప్పులపాలై, పరీక్ష కూడా పాసయ్యాక ఈ సంగతి తెలిస్తే ఏం లాభం?

ఇది మెక్సికో నుంచి వచ్చినవాళ్ల గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లు తెలుగువాళ్లలో చాలామంది. కానీ హెచ్-1బీ మీద వచ్చిన ఇళ్లలో గ్రీన్ కార్డు క్యూ ఏళ్ల తరబడి కదలదు. ఈలోగా పిల్లలకు 21 నిండుతాయి, తల్లిదండ్రుల వీసా మీద ఆధారపడి వచ్చే హెచ్-4 చేయి జారిపోతుంది. దీన్నే ఏజ్ ఔట్ అంటున్నారు. చాలామంది విద్యార్థి వీసా ఎఫ్-1కి మారతారు. ఏ కారణంగానో మారలేకపోయినవాళ్లు, గడువు తప్పినవాళ్లు ఔట్ ఆఫ్ స్టేటస్ అవుతారు, అంటే దేశంలో చట్టబద్ధంగా ఉండే అనుమతి (స్టేటస్) పోతుంది. మూడేళ్ల వయసులో హైదరాబాద్ నుంచి వచ్చి అక్కడే హైస్కూల్ చదివిన అమ్మాయి లాయర్ కావాలనుకుంటే, ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి.

మొదటి అడుగు: మీరు ఏ గాటన ఉన్నారో తేల్చుకోండి

"కాగితాలు లేవు" అని అందరినీ ఒకే మాటతో అనేస్తాం కానీ, చట్టం దృష్టిలో వీళ్లు మూడు రకాలు.

ఎఫ్-1, హెచ్-4, హెచ్-1బీ లాంటి వీసా ఇంకా బతికే ఉంటే మీ పరిస్థితి చాలా నయం. లాయర్ కావాలంటే అమెరికా పౌరులే అయ్యుండాలన్న షరతు రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1973లోనే గ్రిఫిత్స్ కేసులో తేల్చేసింది. కేసు వేసిన గ్రిఫిత్స్ డచ్ పౌరురాలు, లైసెన్స్ అడిగింది కనెక్టికట్‌లో. అయితే ఆమెకు అమెరికాలో శాశ్వత నివాసం ఉంది. తాత్కాలిక వీసాల సంగతికొస్తే కోర్టులు ఒక్క మాట మీద లేవు. పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ మాత్రమే అన్న లూసియానా నిబంధనను 2005లో ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు సమర్థించింది. న్యూయార్క్‌లో ఫార్మసిస్టుల మీద ఉన్న అలాంటి షరతును 2012లో సెకండ్ సర్క్యూట్ కొట్టేసింది. ఆ రెండో కేసు పేరు దండమూడి వర్సెస్ టిష్. అవును, మన ఇంటిపేరే.

రెండో రకం డాకా ఉన్నవాళ్లు. ఒబామా ప్రభుత్వం 2012 జూన్ 15న ప్రకటించిన పథకం ఇది. చిన్నప్పుడే తీసుకురాబడినవాళ్లను పంపించేయకుండా, వర్క్ పర్మిట్ ఇస్తుంది. ఇందులో మన పిల్లల విషయంలో ఒక విడ్డూరం ఉంది. 2012 జూన్ 15 నాటికి స్టేటస్ లేనివాళ్లకే డాకా వర్తిస్తుంది. ఆ రోజుకు మీ హెచ్-4 సక్రమంగా ఉంటే, తర్వాత స్టేటస్ పోయినా డాకా రాదు. నిబంధన పాటించినందుకే నష్టపోయారన్నమాట. పైగా 2021 జులైలో టెక్సాస్ ఫెడరల్ కోర్టు ఆదేశం తర్వాత కొత్త దరఖాస్తుల ఆమోదం ఆగిపోయింది.

మూడో రకం ఏమీ లేనివాళ్లు. కింద రాసిన చాలా సంగతులు ముఖ్యంగా వీళ్ల కోసమే.

రెండో అడుగు: ముందు రాష్ట్రం, తర్వాత కాలేజీ

మనవాళ్లు ర్యాంకింగ్ చూసి కాలేజీ ఎంచుకుంటారు. ఈ ఒక్క విషయంలో ఆ అలవాటు పక్కన పెట్టండి. ఎందుకో తెలియాలంటే ఒక ఫెడరల్ చట్టం గురించి తెలియాలి.

1996లో కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం, స్టేటస్ లేనివాళ్లకు రాష్ట్రాలు కొన్ని ప్రయోజనాలు ఇవ్వకూడదు. రాష్ట్ర ఏజెన్సీ గానీ, రాష్ట్ర నిధులతో గానీ ఇచ్చే వృత్తి లైసెన్సులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. కానీ అందులోనే ఒక తలుపు తెరిచి పెట్టారు. 1996 ఆగస్టు 22 తర్వాత రాష్ట్రం "వీళ్లకు ఇస్తాం" అని స్పష్టంగా చట్టం చేసుకుంటే ఇవ్వచ్చు. అంటే మీ లైసెన్స్ మీ మార్కుల మీద కంటే ముందు ఆ రాష్ట్ర శాసనసభ మీద ఆధారపడి ఉంది.

ఈ తలుపు మొదట తెరుచుకున్నది కాలిఫోర్నియాలో. సెర్గియో గార్సియా మెక్సికోలో పుట్టాడు, 17 నెలల పిల్లాడిగా అమెరికా వచ్చాడు, మధ్యలో తిరిగి వెళ్లి 17 ఏళ్ల వయసులో మళ్లీ వచ్చాడు. తండ్రి అతని కోసం వేసిన గ్రీన్ కార్డు పిటిషన్ 1995లోనే ఆమోదం పొందింది, వీసా నంబర్ మాత్రం రాలేదు. క్యూలో నిలబడ్డం అంటే ఏమిటో తెలుగువాళ్లకు వివరించక్కర్లేదు. అతను లా చదివి 2009 జులై బార్ పరీక్ష పాసయ్యాడు. లైసెన్స్ ఇవ్వకూడదని ఒబామా ప్రభుత్వ న్యాయశాఖే వాదించింది. 2013 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టులో వాదనలు జరిగాక, శాసనసభ హుటాహుటిన ఏబీ 1024 బిల్లు పాస్ చేసింది. గవర్నర్ జెర్రీ బ్రౌన్ అక్టోబర్‌లో సంతకం పెట్టాడు. 2014 జనవరి 1న చట్టం అమల్లోకి వచ్చింది, మర్నాడే గార్సియాకు అనుకూలంగా తీర్పు వచ్చింది. అతనికి గ్రీన్ కార్డు వచ్చింది 2015లో.

ఫ్లోరిడా కథ దీనికి తిరగబడి నడిచింది. హోసే గోదీనెస్-సాంపెరియో అనే యువకుడి విషయంలో 2014 మార్చిలో రాష్ట్ర సుప్రీంకోర్టు కాదంది. చట్టం లేకుండా మేం ఇవ్వలేమని చెప్పింది. ఆ తీర్పుతో ఏకీభవిస్తూనే క్యూబాలో పుట్టిన న్యాయమూర్తి హోర్హె లబార్గా, శాసనసభ కల్పించుకోవాలని విడిగా రాశారు. అదే ఏడాది చట్టం వచ్చింది, అతనికి లైసెన్సూ వచ్చింది. ఆ చట్టం చిన్నప్పుడు తీసుకురాబడి, పదేళ్లకు పైగా ఉండి, వర్క్ పర్మిట్, సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉన్నవాళ్లకే. 2023లో గవర్నర్ డిసాంటిస్ ప్రభుత్వం తెచ్చిన ఎస్‌బీ 1718 చట్టం ఆ వెసులుబాటును 2028 నవంబర్ 1 నుంచి రద్దు చేస్తోంది. ఈ ఏడాది కాలేజీలో చేరేవాళ్లు ఆ తేదీ మర్చిపోవద్దు.

న్యూయార్క్‌లో శాసనసభ ఏమీ చేయలేదు. 2015 జూన్‌లో అక్కడి అప్పీళ్ల కోర్టు (అప్పిలేట్ డివిజన్), సీజర్ వర్గాస్ కేసులో, లాయర్లను చేర్చుకునేది కోర్టులే కాబట్టి ఆ తలుపు తెరిచే అధికారం కోర్టుకే ఉందంది. ధైర్యమైన తీర్పే. కానీ వర్గాస్‌కు డాకా ఉంది. అది కూడా లేని మనిషికి ఈ తీర్పు ఎంతవరకు పనికొస్తుందన్నది వేరే ప్రశ్న. ఇలినాయ్ 2015లో చేసిన చట్టం కూడా డాకా ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకున్నదే.

నా మట్టుకు నేను చెప్పేది ఇదే: ఏ స్టేటసూ లేకపోతే కాలిఫోర్నియా తప్ప మిగతావన్నీ జూదం. డాకా ఉంటే న్యూయార్క్, ఇలినాయ్ కూడా చూడండి.

ఇంతకీ ఇవ్వడం న్యాయమేనా?

ఈ ప్రశ్న ఇంటర్వ్యూలో ఎదురవుతుంది, బంధువుల ఇళ్లలో ఇంకా ఎక్కువగా ఎదురవుతుంది, అందుకే రాస్తున్నా. రాజ్యాంగాన్ని నిలబెడతానని ప్రమాణం చేసే మనిషి రోజూ చట్టాన్ని ఉల్లంఘిస్తూ ఎలా ఉంటాడన్నది గట్టి వాదనే. దానికి కాలిఫోర్నియా కోర్టు ఇచ్చిన జవాబు నాకు సబబుగానే అనిపిస్తుంది. స్టేటస్ లేకుండా దేశంలో ఉండటం దానికదే నేరం కాదు, సివిల్ ఉల్లంఘన. లైసెన్సుల సంగతి చూసే బార్ చూడాల్సింది నిజాయితీ, కక్షిదారు డబ్బు కాజేయకుండా ఉండే గుణం. వీసా చూసుకోవడానికి వేరే శాఖ ఉంది.

నాకు బరువుగా తోచిన అభ్యంతరం ఇంకొకటి. కేసు మధ్యలో లాయర్నే దేశం నుంచి పంపించేస్తే కక్షిదారు గతేమిటి? దీనికి ఒక ఏర్పాటు ఉంది, చివరి అడుగులో చెబుతాను.

మన దేశం ఈ విషయంలో అమెరికా కంటే చాలా బిగువు. 1961 అడ్వొకేట్స్ చట్టం సెక్షన్ 24 ప్రకారం పౌరసత్వం ఉండాల్సిందే. విదేశీయుడికి ఇవ్వాలంటే అతని దేశం మనవాళ్లకు అదే అవకాశం ఇవ్వాలి.

మూడో అడుగు: చదువు, డబ్బు

ఫెడరల్ లోన్లు, గ్రాంట్లు రావు, వాటి కోసం ఇచ్చే దరఖాస్తు ఫారం నింపి టెన్షన్ పడొద్దు. రాష్ట్ర యూనివర్సిటీల్లో స్థానికుల ఫీజు దొరుకుతుందేమో చూడండి. కాలిఫోర్నియాలో 2001 నాటి ఏబీ 540 చట్టం కింద స్టేటస్ లేనివాళ్లకూ అది వర్తిస్తుంది. టెక్సాస్‌లోనూ 2001 నుంచి ఉండేది. 2025 జూన్‌లో ఫెడరల్ ప్రభుత్వం దావా వేయడం, రాష్ట్రం ఒప్పేసుకోవడం ఒక్క రోజులో జరిగిపోయాయి. డాలస్‌లో ఉన్న మన కుటుంబాలు పాత సమాచారం నమ్ముకుని కూర్చోవద్దు.

కాలిఫోర్నియాలో చవక దారులు కూడా ఉన్నాయి. గార్సియా చదివింది చీకోలోని ఒక చిన్న లా స్కూల్లో, దానికి అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు లేదు. అసలు కాలేజీకి వెళ్లకుండా, లాయర్ దగ్గరో జడ్జి దగ్గరో నాలుగేళ్లు శిక్షణ పొంది పరీక్ష రాసే పద్ధతి కూడా అక్కడ ఉంది. మొదటి ఏడాది చివర బేబీ బార్ అనే పరీక్ష పాసవ్వాలి. అయితే ఆ దారిలో వెళ్తే వేరే రాష్ట్రానికి మారడం కష్టం, చాలా రాష్ట్రాలు బార్ అసోసియేషన్ గుర్తింపున్న డిగ్రీనే అడుగుతాయి.

నాలుగో అడుగు: దరఖాస్తులో ఒక్క అబద్ధం కూడా వద్దు

బార్ పరీక్ష కంటే ఎక్కువమందిని భయపెట్టేది మోరల్ క్యారెక్టర్ విచారణ. ఉన్న అడ్రసులు, చేసిన ఉద్యోగాలు, ట్రాఫిక్ కేసులు, అన్నీ అడుగుతారు. కాలిఫోర్నియాలో దీనికి ఆరు నెలలకు పైగా పట్టొచ్చు, ఆఖరి సంవత్సరం మొదట్లోనే వేయండి. సోషల్ సెక్యూరిటీ నంబర్‌కు అర్హత లేనివాళ్లు అది లేకుండానే దరఖాస్తు చేసుకోవడానికి అక్కడ నిబంధన ఉంది. వేరేవాళ్ల నంబర్ వాడొద్దని ప్రత్యేకంగా చెప్పాలా?

వర్క్ పర్మిట్ లేకుండా ఎక్కడైనా పని చేసి ఉంటే, ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాకే ఫారం ముట్టుకోండి. చేసిన పని కంటే దాచిన పని ఎక్కువ ముంచుతుంది. అన్నిటికంటే ప్రమాదం, ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే ఐ-9లో "అమెరికా పౌరుణ్ణి" అన్న గడిలో టిక్ పెట్టడం. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఓటరు నమోదుకు సరే అనడం కూడా అంతే. పౌరుణ్ణని అబద్ధం చెబితే దాదాపు జీవితాంతం గ్రీన్ కార్డుకు దారి మూసుకుపోతుంది.

మగపిల్లలకు ఇంకో మాట. 18 నుంచి 25 ఏళ్ల లోపు సెలెక్టివ్ సర్వీస్‌లో, అంటే అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి పెట్టుకున్న జాబితాలో, నమోదు చేసుకోవాలి. చెల్లుబాటయ్యే తాత్కాలిక వీసా ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, ఆ వీసా పోయిన రోజే మినహాయింపూ పోతుంది. ఇది మన ఇళ్లలో ఎవరికీ తెలియదు.

ఐదో అడుగు: పరీక్ష

ఇందులో మీకూ పౌరులకూ తేడా లేదు. ఏటా ఫిబ్రవరిలో ఒకసారి, జులైలో ఒకసారి జరుగుతుంది, రెండ్రోజులు. వృత్తి నైతికత మీద ఎంపీఆర్ఈ అనే చిన్న పరీక్ష విడిగా రాయాలి. న్యూయార్క్ అయితే 50 గంటల ఉచిత న్యాయసేవ కూడా చేసి చూపాలి. కాలేజీలో ఉండగానే అది పూర్తి చేసుకోవడం మంచిది.

ఆరో అడుగు: లైసెన్స్ వేరు, ఉద్యోగం వేరు

లైసెన్స్ వర్క్ పర్మిట్ కాదు. పర్మిట్ లేని మనిషిని తెలిసి ఉద్యోగంలో పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం తప్పు, అది లా ఫర్మ్‌కైనా అంతే. సొంతంగా ఆఫీసు పెట్టుకుంటే ఐ-9 బాధ ఉండదు కదా అంటారు. కానీ పర్మిట్ లేదని తెలిసి కాంట్రాక్ట్ మీద పని చేయించుకోవడాన్ని కూడా అదే చట్టం నిషేధిస్తుంది. గార్సియా తీర్పు ఈ ముడి పూర్తిగా విప్పలేదు, ఫెడరల్ నిబంధనలు తెలుసుకుని పాటించే బాధ్యత ఆ లాయర్‌దే అని వదిలేసింది. డబ్బు తీసుకోకుండా సేవ చేయడానికి ఈ అడ్డు లేదు.

డాకా ఉంటే దాని వర్క్ పర్మిట్ (ఈఏడీ) మీద మామూలు ఉద్యోగమే చేసుకోవచ్చు, గడువు తీరకముందే రెన్యువల్ వేస్తూ ఉండాలి. ఎఫ్-1 మీద చదివినవాళ్లకు చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలే, లా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కోర్సు కాదు కాబట్టి 24 నెలల పొడిగింపు రాదు. హెచ్-4 మీద ఉన్న పిల్లలకు జీతం తీసుకునే హక్కు లేదు. హెచ్-4 ఈఏడీ భార్యాభర్తలకే.

ఇక పైన వదిలేసిన ప్రశ్న. ఒంటరిగా ప్రాక్టీస్ చేసే ఏ లాయరైనా జబ్బు చేసినా, చనిపోయినా ఫైళ్లు ఎవరు చూస్తారన్నది ముందే రాసిపెట్టుకోవాలి. ఫ్లోరిడా బార్ దీన్ని తప్పనిసరి చేసింది. స్టేటస్ లేని లాయరు మొదటి కక్షిదారును తీసుకోకముందే, అదే ఊళ్లో ఇంకో లాయర్‌తో అలాంటి ఒప్పందం రాసుకోవాలి. కక్షిదారులు కట్టిన అడ్వాన్స్ ఏ ఖాతాలో ఉంది, తర్వాతి వాయిదా ఎప్పుడు, పాస్‌వర్డులు ఎవరి దగ్గర ఉన్నాయి, ఇవన్నీ అందులో ఉండాలి.